ఇవోషి అంటే

మా మునిమనవరాలి పేరుకి అర్థమేమిటని ఎవరైనా అడిగితే, మేం చెప్పలేకపోతే, పాప ఒక ఇల్లు అవతలికి వెళ్ళిపోతోంది.

ఇప్పటికి ఆరిళ్ళు దాటింది. ఇవాళ ఇరవై ఒకటో రోజు. పదకొండు గంటలకి బారసాల.

మొట్టమొదట అడిగింది పాలావిడ. "ఇవోషా? అంటే ఏటమ్మా?" అంది గిన్నెలో పాలు పోస్తూ. నా మనవరాలు జ్యోత్స్న నవ్వి ఊరుకుంది. లోపలికి వెళ్ళి చూస్తే ఉయ్యాల ఖాళీ. పక్కింటి పంతులమ్మగారు గుమ్మంలోకి వచ్చి, "పాప మా సోఫాలో ఉంది, నిద్రపోతోంది. మెల్లిగా రండి," అని చెప్పి వెళ్ళింది. జ్యోత్స్న తువ్వాలు భుజాన వేసుకుని పాలివ్వడానికి ఆ ఇంటికి వెళ్ళింది. ఎవరూ కంగారు పడలేదు. నేనొక్కదాన్నే పడ్డాను. కంగారు పడడం నాకు ఎప్పుడూ ఉన్నదే కాబట్టి దాన్నెవరూ పట్టించుకోలేదు.

ఎత్తుకుని తెచ్చుకుని చూశాం. మా గుమ్మం దాటేసరికి చేతుల్లో తువ్వాలు మాత్రమే ఉంటోంది, పాప వెచ్చదనంతో సహా. పాప అక్కడే, ఆ ఇంట్లోనే ఉంటోంది.

పేరు పెట్టింది జ్యోత్స్న మొగుడు దిలీప్. అతను భూముల సర్వేయరు. తన పిల్ల పేరుకి పక్కన ఇంకే పిల్ల పేరూ ఆనుకుని ఉండకూడదని అతని కోరిక. పాపది కృత్తిక రెండో పాదం. 'ఇ' అక్షరంతో పెట్టాలన్నారు.

"ఇ తోటి ఉన్నవన్నీ ఎవరో ఒకరి పిల్లలు ఆక్రమించేశారండీ అమ్మమ్మగారూ," అన్నాడు దిలీప్, మొన్న కాఫీ తాగుతూ. "ఫోనులో మొత్తం గాలించాను. ఇదొక్కటే ఖాళీగా ఉంది."

"ఖాళీగా ఎందుకుంది బాబూ?"

"ఎవరూ చూళ్ళేదు."

"మరి దానికి అర్థం ఏటి?"

అడిగేశాక నాలుక కరుచుకున్నాను. వీధిలో మూడో ఇంటి కుక్క మొరిగింది, కొత్త మనిషి వచ్చినట్టు. ఆ మూడో ఇంటికి పాపని పంపింది నేనే.

"అర్థం తర్వాత కట్టుకోవచ్చండీ," అన్నాడు దిలీప్. "ముందు స్థలం మనదవ్వాలి."

ఇప్పుడు ఎనిమిది గంటలవుతోంది. ఫ్లెక్సీ వేసే అతను ఫోను చేస్తున్నాడు. పేరు కింద అర్థం కూడా వేస్తే బావుంటుందిట. దిలీప్ ఒక్క క్షణం నాకేసి చూసి, "సిరులిచ్చే తల్లి అని వేసెయ్," అంటున్నాడు. ఫోను పెట్టగానే ఉయ్యాల కిర్రుమంటోంది.

పరిగెత్తుకెళ్ళి చూస్తే ఉయ్యాల్లో ఎవరో పెద్దావిడ. జరీ అంచు చీర, తల్లో పూలు, మోకాళ్ళు గడ్డానికి ఆనించి ముడుచుకుని పడుకుంది.

"పొద్దుట్నుంచి నన్ను పిలవడం ఇది తొమ్మిదోసారి," అంటోంది ఆవిడ, విసుగ్గానే కాని మర్యాదగా. "అర్థం తెలీని పేరు ప్రతిదానికీ నేనే అని చెప్పేస్తున్నారు. నేనెన్ని ఉయ్యాలల్లో పడుకోను? ఇది నా కొలత కాదు. మీ పిల్లని మీరు తెచ్చుకోండి."

కాఫీ ఇచ్చాం. పంచదార ఎక్కువైందంది. వంటింటి గుమ్మంలోంచి వెళ్ళిపోయింది.

నేను నిఘంటువు తీస్తున్నాను. చదవడం నాకెవరూ నేర్పలేదు. కిరాణా పొట్లాలు విప్పి విప్పి, ఆ కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. అందుకే నాకు ఏ కథకీ మొదలూ చివరా తెలియవు, మధ్యలే తెలుసు. నిఘంటువులో 'ఇవము' అని ఉంది. అంటే మంచు. దాని కింద ఒక మాట పట్టేంత చోటు వదిలేశారు. అక్కడ కాగితం కొంచెం పల్లంగా ఉంది, ఎవరో పడుకుని లేచిన పరుపులా. చెయ్యి పెట్టి చూస్తే చల్లగా ఉంది. ఎవరూ ఎప్పుడూ పడుకోలేదన్నమాట. పల్లం మాత్రం ఎలా వచ్చిందో నాకు తెలియడం లేదు.

జ్యోత్స్న తువ్వాలు తీసుకుని ఆరో ఇంటినుంచి తిరిగి వస్తోంది. ఏడ్చి ముఖం కడుక్కున్నట్టు ఉంది.

"ముప్ఫై మంది వస్తారు అమ్మమ్మా. ముప్ఫై మందీ అడుగుతారు. మన వీధిలో పదిహేడిళ్ళే ఉన్నాయి."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత దానికి ఆకలేస్తే నేను అందుకోలేను."

నేను లేచి చెప్పులు వెతుకుతున్నాను. రెండూ కుడికాలివే ఉన్నాయి. అవే వేసుకుని బయల్దేరుతున్నాను.

పంతులమ్మగారి సోఫాలో పాప తల పెట్టిన చోట చిన్న తడి మచ్చ ఉంది. రెండో ఇంట్లో వాళ్ళు ఉప్మా తింటూ, "ఇటే వెళ్ళిందండీ," అని స్పూనుతో చూపిస్తున్నారు. మూడో ఇంటి కుక్క నన్ను చూసి తల దించుకుంటోంది. నా తప్పు దానికీ తెలుసు.

నాలుగో ఇంటి వరండాలో నా కూతురు వరాలు పీట వేసుకుని కూచుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

వరాలు జ్యోత్స్న తల్లి. పోయి పదకొండేళ్ళయింది. ఆసుపత్రికి వెళ్తూ కట్టుకున్న ఆకుపచ్చ నేతచీరే కట్టుకుని ఉంది. అప్పుడు ఆటో ఎక్కుతూ, సాయంత్రానికి వచ్చేస్తానమ్మా అంది. నేను గేటు దగ్గర నిలబడి తల ఊపాను, అంతే.

"ఏటే, ఇక్కడున్నావా?"

"ఎక్కడో ఒకచోట ఉండాలి కదా అమ్మా."

"నాలుగిళ్ళ దూరం. ఓసారి రాకూడదా?"

"ఫోటోకి దండ వేస్తారు గాని పేరు పెట్టి ఎవరూ పిలవరు. పిలవని ఇంటికి ఎలా వస్తాను?"

"వరాలూ," అంటున్నాను.

"ఊఁ," అంటోంది, లేవకుండానే. "ఇప్పుడు కాయలున్నాయి."

పక్కన చతికిలబడుతున్నాను. ఒక కాయ తీసుకుని ఈనె లాగుతున్నాను. ఆ ఈనె ఎంత లాగినా తెగడం లేదు. ఇలా ఎంతసేపైనా లాగుతూ కూచోవచ్చు అనిపిస్తోంది. వరాలు నా చేతిలోంచి కాయ తీసేసుకుంటోంది.

"పాప ఇందాకే ఇటు దాటింది. ముక్కు నాదే. నువ్వు పద, నా దగ్గర కూచుంటే దానికి ఆలస్యమైపోతుంది."

"నువ్వు ఉంటావా, నేను తిరిగొచ్చేసరికి?"

"అలాంటివి అడక్కూడదని నీకు ఇంకా తెలీలేదా?"

లేస్తున్నాను. ఇన్నేళ్ళలోనూ ఎప్పుడూ వాళ్ళే వెళ్ళారు, నేను గేటు దగ్గర నిలబడ్డాను. ఒకరు కూచుని ఉండగా నేను లేచి వెళ్ళడం ఇదే మొదటిసారి. మోకాళ్ళకి ఆ పని రావడం లేదు.

ఆరో ఇంటికి వెళ్తే పాప లేదు. "అప్పుడే చుట్టాలు దిగుతున్నట్టున్నారు కదండీ," అంటున్నారు వాళ్ళు. తొమ్మిదో ఇల్లు అనుకుని తలుపు కొడితే అది పన్నెండోది. ఇళ్ళు కూడా తొందర పడుతున్నాయి. నేను ఒకటి ఎక్కువ లెక్కపెడితే వెనకది ఒకటి తగ్గుతోంది. ఎటు నుంచి వచ్చానో వెనక్కి తిరిగి చూస్తే నేనే వస్తూ కనపడతానేమో అని భయం వేసి చూడడం లేదు.

పదిహేడో ఇల్లు రెండు అపార్ట్‌మెంట్ల మధ్య తాటాకిల్లు. అరుగు మీద అప్పలనరసమ్మ కూచుంది. ఒళ్ళో చాట. చాటలో పాప.

అప్పలనరసమ్మ ఎవరో చెప్పాలి. నాకు ముందు మా అమ్మకి ఇద్దరు పుట్టి పోయారు. నేను పుట్టగానే మా అమ్మ నన్ను చాటలో పెట్టి, ఎదురింటి అప్పలనరసమ్మకి అమ్మేసింది. అప్పలనరసమ్మ కుంచెడు తవుడిచ్చి నన్ను కొనుక్కుంది. వాకిట్లో నిలబడి, "ఈ పిల్ల ఇంక నీది కాదు, నాది," అని గట్టిగా అంది, వినాల్సినవాళ్ళకి వినపడేట్టు. పిల్లల్ని పట్టుకుపోయేది ఏదైతే ఉందో అది మా అమ్మ పిల్లల్నే వెతుకుతోంది కాబట్టి, ఇక నన్ను గుర్తుపట్టదు. మర్నాడు, పెంచి పెట్టమని మా అమ్మకే తిరిగి ఇచ్చింది. తవుడికి కొన్నారు కాబట్టి నా పేరు తవిటమ్మ. మా విజయనగరం వైపు ఊరికి నలుగురైనా ఉండేవాళ్ళం, తవిటమ్మలం, తవిటయ్యలం.

"రాయే గుంటా," అంటోంది అప్పలనరసమ్మ, చిన్నపిల్లని పిలిచినట్టు. ఆమెకి అప్పటి ముప్ఫై ఏళ్ళే. నాకు డెబ్బై ఆరు.

పాప కోసం వచ్చానని చెప్పాలి. నోట్లోంచి వేరే మాట వస్తోంది.

"నిన్నొకటి అడగాలి. చిన్నప్పట్నుంచి అడుగుదామనే ఉంది. నన్ను మా అమ్మకి తిరిగిచ్చినప్పుడు, నీ తవుడు నువ్వు వెనక్కి తీసుకున్నావా?"

"ఎక్కడిదే. మీ గేదె తినీసింది."

"అయితే ఆ బేరం తిరగలేదు. నేను ఇంకా నీ పిల్లనే."

"అలాగనుకుంటే అలాగే."

"మరి ఇన్నాళ్ళూ నేను ఎవరింట్లో ఉన్నాను?"

"ఎవరింట్లో అన్నం తిన్నావో ఆళ్ళింట్లో. ఇదేటే, అంత చదువుకున్నదానివి!"

ఆమె నవ్వుతోంది. నాకు నవ్వు రావడం లేదు. నా ఇల్లు కాని ఇంట్లో నేను ఇంతమందిని సాగనంపానా? లేక సాగనంపాల్సింది నన్నేనా? రెండింటిలో ఏది జరిగిందో తేలడం లేదు. పాప చాటలోంచి కప్పు కేసి చూస్తోంది, తాటాకుల్లో ఏదో చదువుతున్నట్టు.

"ఈ వీధికి నాదే ఆఖరిల్లు," అంటోంది అప్పలనరసమ్మ. "ఇంకొకరు అడిగితే దీన్ని నేను ఆపలేను. దీని పేరుకో అర్థం తేకూడదా?"

"వెతికాను. లేదు."

"ఉండదు. పేర్లు కొత్తవి వస్తన్నాయి గాని అర్థాలు కొత్తవి రావడం మానేసాయి. ఉన్నదే ఎవరో ఒకరు ఇవ్వాల."

"నా దగ్గరున్నది తవుడు. దీనికి తవుడు పెట్టమంటావా?"

"తవుడు అర్థమేటే, అది నిన్ను కొన్న కొలత. ఉండాలని చేతులు మార్చి తెచ్చుకున్న పిల్ల. అదీ నీ అర్థం."

నాకిది ఎవరూ చెప్పలేదు. డెబ్బై ఆరేళ్ళు ఈ పేరు మోశాను, గేదె తిండి పేరనుకుని బడి పిల్లలు నవ్వితే తలొంచుకుని.

"ఇచ్చేస్తే నాకేం మిగుల్తుంది?"

"పేరు మిగుల్తాది."

"పేరొక్కటేనా?"

"చాలామందికి ఉన్నది అదే."

దూరంగా, మా ఇంటి వైపు నుంచి ఎవరిదో నవ్వు వినపడుతోంది. ఆ నవ్వు వెనకాలే ప్రశ్న బయల్దేరినట్టుంది. చాటలో పాప మడమలు పలచబడుతున్నాయి. వాటిలోంచి చాట అల్లిక కనిపిస్తోంది.

అర్థం మెడ వెనక ఉంటుంది, జడ మొదలయ్యే చోట. పిన్నీసు విప్పినట్టు విప్పుతున్నాను. అరచేయంత ముక్క, గోధుమరంగు, మెత్తగా ఉంది. ఇన్నాళ్ళూ అక్కడ దురదగా ఉంటే చెమటకాయలనుకున్నాను. పాప మొలతాడు కింద దాన్ని దోపుతున్నాను. పాప తుమ్ముతోంది. మడమలు గట్టిపడుతున్నాయి. ఎత్తుకుంటే బరువుగా ఉంది, నిజంగా బరువుగా, భుజం లాగేసేటంత.

"ఎల్లు," అంటోంది అప్పలనరసమ్మ. "ఎనక్కి చూడకు. నేను కూడా చూడను."

నాలుగో ఇంటి వరండాలో పీట ఉంది, ఈనెల కుప్ప ఉంది. వరాలు లేదు. తలుపు లోపల పోపు వేస్తున్న చప్పుడు. పాపని ఆ తలుపు వైపు ఒక్కసారి ఎత్తి చూపించి నడుస్తున్నాను.

మా గుమ్మం దాటుతున్నాను. కళ్ళు మూసుకునే దాటుతున్నాను. చేతులు నిండుగానే ఉన్నాయి.

జ్యోత్స్న పాపని లాక్కుంటోంది. ముప్ఫై మంది చుట్టాలు జరిగి చోటిస్తున్నారు. ఇత్తడి పళ్ళెంలో బియ్యం పరిచి ఉన్నాయి. దిలీప్ ఉంగరం తీసి, ఆ బియ్యంలో పేరు రాస్తున్నాడు. మూడుసార్లు రాయాలి. రెండోసారి రాస్తుండగా అతని చెల్లెలు శ్రావణి, ఇంట్లో ఉన్న అందరికీ వినపడేట్టు అడుగుతోంది: "ఇంతకీ ఇవోషి అంటే ఏంటి వదినా?"

దిలీప్ ఉంగరం ఆగిపోయింది. అతను పాపకేసి చూడడానికి భయపడుతున్నాడు.

"ఉండాలని చేతులు మార్చి తెచ్చుకున్న పిల్ల," అంటోంది జ్యోత్స్న. తనకి ఎప్పట్నుంచో తెలిసినట్టు, పాప పెదవి తుడుస్తూ.

"అబ్బ, ఎంత బావుందో! సంస్కృతమా?"

"కాదు. మా అమ్మమ్మ వైపు."

పాప తల్లి ఒళ్ళోనే ఉంది. చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. మూడోసారి కూడా పేరు రాయడం అయింది. అందరూ అక్షింతలు వేస్తున్నారు. నేను గోడకి చేరబడి, ఇవాళ్టికి ఎవరూ ఎక్కడికీ వెళ్ళడం లేదు కదా అని మనుషుల్ని లెక్కపెట్టుకుంటున్నాను. వచ్చినవాళ్ళు ముప్ఫై. సరిపోయింది.

పురోహితుడు కుర్రవాడు, వేరే జిల్లావాడు. సంచి సర్దుకుంటూ నన్ను పలకరిస్తున్నాడు.

"మీ పేరేమిటి మామ్మగారూ?"

"తవిటమ్మ."

"తవిటమ్మా? భలే కొత్తగా ఉందే! ఎక్కడా వినలేదు. అంటే ఏమిటి?"

నాకు తెలుసు. తెలుసని కూడా తెలుసు. నోరు తెరుస్తున్నాను. నాలుక మీద ఏమీ లేదు, పొట్టు కూడా లేదు. జ్యోత్స్న కేసి చూస్తున్నాను.

"ఊరికే అలా పెట్టేవారండీ ఆ రోజుల్లో," అంటోంది జ్యోత్స్న. "అర్థమేం ఉండదు."

నేను పంతులమ్మగారి సోఫాలో కూచుని ఉన్నాను.

జ్యోత్స్న చంకలో పాపతో, చేతిలో పాయసం గిన్నెతో వస్తోంది. "ఇక్కడున్నావా అమ్మమ్మా? చల్లారకముందే తాగు." పాప నన్ను చూసి కాళ్ళు కొట్టుకుంటోంది. ఆ మడమల్లోంచి ఏమీ కనపడడం లేదు. పాయసం తీపి సరిగ్గా కుదిరింది. ఇక్కడైతే ఫరవాలేదు అనుకుంటున్నాను. గోడ అవతలే కదా.

పంతులమ్మగారి కోడలికి నెలలు నిండాయి. ఆ అమ్మాయి నా పక్కన కూచుని ఫోను తీస్తోంది. "మీ పేరు ఎవరికీ లేదు మామ్మగారూ. ఇప్పుడే చూశాను. మా పాపకి పెట్టుకుంటాం. అర్థం చెప్పరా?"

అలా రెండో ఇల్లు. ఆ అమ్మాయి తన స్నేహితురాళ్ళకి చెప్పింది కాబోలు. రెండో ఇంట్లో ఒకరు అడుగుతున్నారు, మూడో ఇంట్లో ఒకేసారి ఇద్దరు. నాలుగో ఇంట్లో దిగితే చాలు, వరాలు నన్నేమీ అడగదు, అక్కడే ఉండిపోవచ్చు అనుకుంటూ చెప్పులు చేత్తో పట్టుకుంటున్నాను. ఆ రెండు ప్రశ్నలూ నన్ను ఒక్క ఊపున అయిదో ఇంట్లో దింపుతున్నాయి. గోడకి చెవి ఆనిస్తే అవతల గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు. "వరాలూ," అంటున్నాను. "ఊఁ," అని వినపడుతోంది. అది గోడ అన్నదో వరాలు అన్నదో పోల్చుకునేలోగా ఆరో ఇల్లు.

జ్యోత్స్న వెనకాలే వస్తోంది. ఎనిమిదో ఇంటి వరకూ గిన్నె తెస్తోంది. పదకొండో ఇంటికి వచ్చేసరికి పాపకి ఎండ తగులుతుందని మేడమీంచి చెయ్యి ఊపుతోంది. పాప చెయ్యి కూడా పట్టుకుని ఊపుతోంది. నేనూ ఊపుతున్నాను. గేటు దగ్గర నిలబడేది ఎవరు, వెళ్ళేది ఎవరు అన్నది ఇంత దూరం నుంచి నాకు సరిగ్గా తెలియడం లేదు. ఇద్దరం ఒకేలా ఊపుతున్నాం.

పదిహేడో ఇంటికి తాళం వేసి ఉంది. అరుగు మీద కాసేపు కూచుంటున్నాను. ఎక్కడో ఎవరో నా పేరు మెచ్చుకుంటున్నారు. ఇప్పుడే అడుగుతారు.

అడిగారు.

ఇక్కడ ఇళ్ళు లేవు. ఇసక కూడా కాని, మన్ను కూడా కాని నేల. పొద్దు నడినెత్తిన ఉంది. నా వయసు ఆడవాళ్ళు నలుగురు ఎదురుగా వస్తున్నారు. పాత చీరలో చుట్టిన దేన్నో నాలుగు వైపులా పట్టుకుని, ఒలక్కుండా జాగ్రత్తగా తెస్తున్నారు. పేరు అడుగుతారని ఒళ్ళు బిగబట్టుకుంటున్నాను. వాళ్ళు అడగడం లేదు.

"కూచో అప్పా," అంటోంది వాళ్ళలో పెద్దామె, మా వైపు అక్కని పిలిచే పిలుపుతో. "ఒళ్ళు సరిగ్గా పెట్టు."

కూచుంటున్నాను. చీర మూట నా ఒళ్ళో దింపుతున్నారు. కొంగు తొలగించి చూస్తున్నాను. ఒక ఏరు. ఈ పొద్దున్నే పుట్టినట్టుంది, ఇంకా కళ్ళు తెరవలేదు. చల్లగా, వణుకుతూ, ముఖం అటూ ఇటూ తిప్పుతూ వెతుకుతోంది. దానికేం కావాలో తెలిసి సిగ్గు వేస్తోంది. నాకు డెబ్బై ఆరేళ్ళమ్మా అంటున్నాను. నలుగురూ అటు తిరిగి నిలబడుతున్నారు.

రవిక ముడి విప్పుతున్నాను. ఏరు నోరు ఆనిస్తోంది. ఎక్కడినుంచో పాలు చేపుకొస్తున్నాయి.

అది తాగుతూనే ఒళ్ళోంచి జారి సాగిపోతోంది, మోకాళ్ళ మీదుగా, పాదాల మీదుగా, కనుచూపు మేర దాకా. ఎంత వెళ్ళిపోయినా తల నా ఒళ్ళోనే ఉంది. ఎక్కడో దిగువ పొలాల్లో నీళ్ళొచ్చాయి, నీళ్ళొచ్చాయి అని కేకలు. నేను దాని వెన్ను నిమురుతున్నాను. నా చేతి కింద వెన్ను కదిలిపోతూనే ఉంది, అయిపోవడం లేదు.